కొంగ బిళ్ళ

క్లెమెంట్ పొగాకు డబ్బాను వంటింటి బల్ల మీద పెట్టాడు. మూత మాత్రం తియ్యలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. మేవిస్ పోసిన టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. ఇందులో ఏదో పెద్దదే ఉందని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. టోపీ బిళ్ళలు పోగేసేవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. దొరికినదాన్ని పదిమందిలో పెట్టడానికి భయం, ఒక్కరికైనా చూపించకపోతే కడుపుబ్బరం.

"కళ్ళు మూసుకో," అన్నాడు.

"నాకు యాభై తొమ్మిదేళ్ళు. కళ్ళు మూసుకుంటే నిద్రపోతాను. తియ్యవయ్యా బాబూ."

అతను ఈస్టరు సెలవులకి ఫ్రాన్సు వెళ్ళి, సోమ్ పొలాల్లో తిరిగి, మొన్ననే వచ్చాడు. ఏటా వెళతాడు. దున్నిన పొలాల్లో వాన పడితే మొదటి ప్రపంచ యుద్ధం తాలూకు ఇత్తడి పైకి తేలుతుంది. బొత్తాలు, బెల్టు కొక్కేలు, సిపాయిల టోపీలకుండే బిళ్ళలు. అన్నీ ఏరుకొచ్చి మేవిస్ ముందు కుమ్మరిస్తాడు. చిలుము వదలగొట్టడం, వంకర తియ్యడం, బిళ్ళని టోపీకి తగిలించే వెనక చెవులు విరిగితే మాటు వెయ్యడం ఆమె పని. కార్‌బెక్ బిళ్ళల సంఘానికి అతను అధ్యక్షుడు. ఆ సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడది ఆమె. ఆమె సొంత సేకరణ చూసి మగాళ్ళు నవ్వుతారు. వాళ్ళకి నిన్ననే అచ్చులోంచి తీసినట్టు అంచులు కోసుకుపోయే బిళ్ళలు కావాలి. ఆమె మాత్రం ఏ సిపాయో ఏళ్ళ తరబడి తోమి తోమి బొమ్మ చెరిగిపోయినవే ఏరుకుంటుంది.

క్లెమెంట్ మూత తీశాడు. దూదిలో పచ్చటి ముద్ద. మేవిస్ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి బొటనవేలితో మెల్లగా తుడిచింది. సన్నటి కాలు కనిపించింది, తర్వాత మెడ. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. ముక్కులో మెలికలు తిరిగిన పాముచేప.

"స్కెల్‌బ్రో," అంది.

"అవును మరి!" క్లెమెంట్ కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇరవయ్యేళ్ళు, మేవిస్! ఇరవయ్యేళ్ళుగా దీనికోసం కాళ్ళరిగేలా తిరిగాను."

స్కెల్‌బ్రో మిల్లు కుర్రాళ్ళు ఒక వీధి వాళ్ళంతా ఒక వరసలో నిలబడి సైన్యంలో చేరారు. ఊరి గుర్తుతో సొంత బిళ్ళ చేయించుకున్నారు. ఒక జూలై పొద్దున్న, టీ తాగేవేళకి, ఆ పటాలం లేదు. మిగిలిన కొద్దిమందిని వేరేవాళ్ళలో కలిపేశారు. సంతల్లో కొంగ బిళ్ళంటూ అమ్మేవన్నీ నిన్నమొన్న పోసిన దొంగ సరుకే.

మేవిస్ బిళ్ళని వెనక్కి తిప్పింది. రెండు చెవులూ సరిగ్గా ఉన్నాయి. టోపీకి బిగించడానికి వాటిలో దూర్చిన చీలమేకు కూడా ఉంది. మేకుకీ ఇత్తడికీ మధ్య పేడరంగు గుడ్డపీలిక.

"ఎక్కడ దొరికింది?"

"పొలంలో. పైపైనే."

"నాగలి తగల్లేదా?"

"లేదు. అదృష్టం." అతను టీ అందుకుని గటగటా తాగేశాడు. "గుడ్డా గిడ్డా ఉంటే లాగి పారేయ్. ఆదివారం మన సంఘం సంతకి వస్తావుగా, అక్కడ నా చేతిలో పెట్టు. ఈలోగా ఎవరితోనూ అనకు, తల్లీ. దొంగలు ఎక్కువైపోయారు."

తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు. బిళ్ళని ఇంకోసారి చూసుకుని, మేవిస్ భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. ఎప్పుడూ నొక్కేదానికన్నా గట్టిగానే నొక్కాడు.

*

మర్నాడు పొద్దున్న ఆమె బిళ్ళని ఆలివ్ నూనెలోంచి తీసింది. రాత్రంతా నానింది. చిలుము మెత్తబడితే పుల్లతో గీరాలి, ఇనుము తగలకూడదు. పంటిపుల్ల చివర నలిపి, కొంగ రెక్క సందుల్లోంచి మట్టి తీసి, తెల్లటి పళ్ళెంలో రాల్చింది. నీలంగా, జిడ్డుగా ఉన్న మట్టి. పొలం పైమట్టి అలా ఉండదు. పైమట్టి గోధుమరంగులో పొడిపొడిగా రాలుతుంది. అందులో దొరికిన బిళ్ళలు ఆమె ఎన్ని చూడలేదు! నాగలి కొట్టిన దెబ్బలకి అప్పడాల్లా ముడుచుకుని, చెవులూడి వస్తాయి. గుడ్డ అనేది ఎప్పుడో పురుగుల పాలై ఉంటుంది.

ఈ నీలం మట్టి లోతుది. గాలి పోని చోటిది.

ఆమె పుల్ల కింద పెట్టేసింది. గుడ్డ మిగిలిందంటే బిళ్ళ టోపీకి ఉన్నట్టే లెక్క. ఆ పొద్దున్న వాళ్ళంతా ఇనప టోపీలు పెట్టుకుని కదిలారు; గుడ్డ టోపీని మడిచి వీపు సంచిలో పెట్టుకున్నారు. టోపీ అంత లోతున మడత చెదరకుండా ఉందంటే సంచి ఉంది. సంచి ఉందంటే వీపు ఉంది.

లేచి నీళ్ళు తాగింది.

గుడ్డపీలికని లాగెయ్యలేదు. చీలమేకుని పట్టకారుతో వెంట్రుకవాసి చొప్పున జరిపి, పీలికని చెక్కుచెదరకుండా తీసి, ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టింది. అప్పుడు బయటపడ్డాయి గీతలు. గుడ్డ కప్పిన చోట ఇత్తడి ఇంకా పసుపుగానే ఉంది. ఆ పసుపు మీద మేకుమొనతో గీసిన అంకెలు. ఒకటి, ఒకటి, ఆరు, మూడు. మూడుని రెండుసార్లు దిద్దాడు, మొదటిసారి సరిగ్గా రాలేదు కాబోలు.

బారకాసులో తన టోపీ ఎవరూ కొట్టెయ్యకుండా ఎవడో కుర్రాడు గీసుకున్న నంబరు. ఆ రోజుల్లో మెడలో వేసే పేరు బిళ్ళలు అట్టలాంటి దినుసుతో చేసేవారు, మట్టిలో కుళ్ళిపోయేవి. ఇత్తడి ఒక్కటే మిగులుతుంది. పటాలం తెలిసి, నంబరు తెలిస్తే, పేరు తెలిసినట్టే.

ఫోను మోగింది.

"ఎలా ఉంది నా కొంగ?" క్లెమెంట్ గొంతులో నవ్వు.

"శుభ్రపడుతోంది."

"వెనక ఏమన్నా ఉందా?"

మేవిస్ అగ్గిపెట్టె వైపు చూసింది. "మట్టి," అంది. ఎందుకు అబద్ధమాడిందో ఆమెకే తెలియలేదు. ఫోను పెట్టేశాక వెనక తలుపు గడియ వేసింది. పట్టపగలు, అందులోనూ తన ఇంట్లో, ఆ పని ఆమె ఎన్నడూ చెయ్యలేదు.

*

శుక్రవారం స్థానిక పత్రిక వస్తుంది. మేవిస్ చేపలూ బంగాళాదుంపలూ పొట్లం కట్టించుకుని, పత్రిక చంకలో పెట్టుకుని ఇంటికొచ్చింది. పొట్లం విప్పబోతూ మొదటి పేజీ చూసి అలాగే నిలబడిపోయింది.

పేజీలో సగం క్లెమెంట్ మొహమే. నెత్తి మీద వానటోపీ, వెనక తడిసిన పొలం. అజ్ఞాత వీరుడిని వెలికితీసిన కార్‌బెక్ వాసి, అని పైన పెద్దక్షరాలు. సోమ్ దగ్గర కాలవగట్టు కూలినచోట అతనికి ఒక సిపాయి అస్థికలు కనిపించాయట. వెంటనే పోలీసులకి చెప్పాడట. ఎముకలతోపాటు దొరికిన టోపీ బిళ్ళని బట్టి మన జిల్లా పటాలం వాడని తేలిందట. సమాధి రాయి మీద ఆ పటాలం గుర్తయిన గులాబీ చెక్కుతారట.

మేవిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. గులాబీ! కొంగ కాదు!

మొహం కింద చిన్న ఫొటో ఉంది. క్లెమెంట్ అరచేతిలో బిళ్ళ. మేవిస్ భూతద్దం తెచ్చింది. దగ్గరికి పెడితే అచ్చు చుక్కలే తప్ప ఏమీ కనిపించలేదు. దూరం జరిపింది. అప్పుడు తెలిసింది.

రేకులన్నీ చెరిగిపోయి గుండ్రటి బిళ్ళలా మిగిలిన గులాబీ. కిరీటం మీద సిలువ సగమే ఉంది. దాన్ని ఆమె నాలుగేళ్ళు తన అరలో ఉంచుకుంది. ఎవరో ముసలాయన పోతే, ఇంటి సామాను అమ్మేటప్పుడు బొత్తాల పెట్టెలో దొరికింది. ఈ యుద్ధంది కూడా కాదు, అంతకు ముందు దక్షిణాఫ్రికాలో జరిగిన దానిది. ఎడమ చెవి ఊడిపోతే తనే కొత్త చెవి పెట్టి మాటు వేసింది. చలికాలం సంతలో క్లెమెంట్ ఏదో మార్పిడికిమ్మంటే ఇచ్చేసింది. ఇచ్చాక రెండ్రోజులు బాధపడింది కూడా. మన ఇంట్లో కప్పుని మనం గుర్తుపట్టమా? పదిమంది కప్పుల మధ్య పెట్టినా పడతాం.

వార్త చివర ఇంకో ముక్క ఉంది. ఎల్సీ పికిల్స్ అనే ఆవిడ, డెబ్బై ఒక్కేళ్ళు, ఇదే ఊరు. జిల్లా పటాలంలో ఉన్న ఆమె తండ్రి అదే వేసవిలో, అదే చుట్టుపక్కల కనబడకుండా పోయాడు. అప్పటికి ఎల్సీ ఇంకా పుట్టలేదు. 'అది మా నాన్నే అని నా మనసు చెబుతోంది' అంది ఆవిడ. ఆదివారం సంతకి పటాలం తరఫున మేజర్ గారు వచ్చి క్లెమెంట్‌ని సత్కరిస్తారు. ఎల్సీ గారూ వస్తారు.

చేపలు నూనె కక్కి పొట్లం బల్లకి అంటుకుపోయింది. మేవిస్ దాన్ని అలాగే తీసి చెత్తబుట్టలో పడేసింది.

*

క్లెమెంట్ ఇంట్లో బిళ్ళలకి ఒక గది ఉంది. గోడలనిండా నల్ల మఖ్మల్ పరిచిన చట్రాలు. ప్రతి చట్రంలో వరసలు కట్టిన ఇత్తడి, వెండి. తోమని బిళ్ళలు, తోమకూడని బిళ్ళలు. ఎండ తగలకుండా తెరలు దించి ఉంచుతాడు. శనివారం మధ్యాహ్నం మేవిస్ వెళ్ళేసరికి అతను చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని ఒక చట్రంలో మధ్య వరస సర్దుతున్నాడు. నడుమ ఒక ఖాళీ ఉంచాడు, కొంగ పట్టేంత.

"తెచ్చావా?" అన్నాడు.

"పేపరు చూశాను."

"బాగా పడ్డానా? మా ఆవిడ వానటోపీ తియ్యమంటే వినలేదు."

"ఆ గులాబీ నాది, క్లెమెంట్."

అతను తొడుగులు ఒక్కో వేలూ లాగి తీశాడు. రెంటినీ జతచేసి మడతపెట్టాడు. మొహంలో సిగ్గూ లేదు, కోపమూ లేదు. పేకాటలో తన ముక్క ఎదుటివాడు చూసేసినప్పుడు మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"కూర్చో," అన్నాడు.

"నిలబడే వింటాను."

"నేను వదిలేసి రాలేదు, అది గుర్తుంచుకో. ఇంకొకడైతే బిళ్ళ జేబులో వేసుకుని మట్టి కప్పేసి వచ్చేవాడు. ఎంతమంది చేస్తున్నారో నీకు తెలీదు. నేను పోలీసులకి చెప్పాను."

"చెప్పావా, చెప్పాల్సి వచ్చిందా?"

క్లెమెంట్ నవ్వేశాడు. "నీ దగ్గర దాచలేం. సరే. పొలం రైతు ట్రాక్టరు దిగి వస్తున్నాడు. నా చేతిలో ఏదో ఉండడం చూశాడు. వాడే పోలీసులన్నాడు. వట్టి చేతులు చూపిస్తే ఊరుకుంటాడా? జేబులో మార్పిడికిచ్చే బిళ్ళల డబ్బా ఉంది, నీకు తెలుసుగా, అది లేకుండా నేను గుమ్మం దాటను. కొంగని అందులో దాచి, చేతికి తగిలింది తీశాను. అంతా కలిపి రెప్పపాటు."

"చేతికి తగిలింది తీశావు!"

"వాడికేం తగ్గింది చెప్పు? శవపెట్టె దొరుకుతుంది, జెండా కప్పుతారు, బాకా ఊదుతారు, రాయి పాతుతారు. నేను లేకపోతే నక్కలు పీక్కుపోయేవి. రాయి మీద కొంగ చెక్కితేనేం, గులాబీ చెక్కితేనేం? వాడు లేచి చూస్తాడా?"

"వాడి నంబరు ఉంది దాని మీద."

అది అతనికి తెలియదు. క్లెమెంట్ ఆమె వైపు రెండడుగులు వేశాడు. గొంతు తగ్గించాడు.

"ఎక్కడుంది బిళ్ళ?"

"ఇంట్లో."

"మేవిస్, ఆలోచించు. నువ్వు ఒక్కదానివీ ఉంటావు. ఈ సంఘం తప్ప నీ గడప తొక్కే మనిషి లేడు. ఆ గులాబీ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నీ అరలోంచి. దాని వెనక మాటు ఎవరి చేతిది? నీది. కొంగ ఎవరింట్లో ఉంది? నీ ఇంట్లో. నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలి నేను?" ఆమె కోటు కాలరు మడత పడితే సరిచేశాడు. "ఆదివారం తీసుకురా. ఆ ముసలావిడ మొహం ఒక్కసారి చూడు. చూశాక కూడా నోరు విప్పాలనిపిస్తే విప్పు."

బయటికొచ్చాక బస్టాపు దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. భయం ఎంతో, ఒళ్ళుమంట అంత. నక్కలట! ఆ కుర్రాడి నంబరు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న నక్క తెల్ల తొడుగులు వేసుకుని తిరుగుతోంది.

*

ఆదివారం చర్చి హాలంతా టీ వాసన, తడి కోట్ల వాసన. బల్లల మీద ఆకుపచ్చ గుడ్డలు, వాటి మీద వరసలుగా బిళ్ళలు. మగాళ్ళు భూతద్దాలు కంటికి పెట్టుకుని, వెనక వైపు తిప్పి చూసి, పెదవి విరిచి పెట్టేస్తున్నారు. మేవిస్ లోపలికి రాగానే ఇద్దరు ముగ్గురు పలకరించారు. ఒకాయన ఆమె కోసమే అరిగిన బిళ్ళ దాచి ఉంచానన్నాడు. ఇంకో గంట పోతే వీళ్ళలో ఒక్కడైనా పలుకుతాడా అనుకుంది.

వేదిక దగ్గర ఫొటోని గోడంత చేసి అట్టకి అంటించారు. గులాబీ ఇప్పుడు పళ్ళెమంత ఉంది. సిలువ విరిగిన చోటు, తన చెయ్యి జారి పడ్డ చిన్న గీత, అన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. దాని ముందు నీలం టోపీ పెట్టుకున్న పొట్టి ముసలావిడ, చెయ్యి సంచీ రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, మెడ ఎత్తి చూస్తోంది.

"ఇదిగో మా మేవిస్," అన్నాడు క్లెమెంట్, ఆవిడని నడిపించుకొస్తూ. "అరిగిన బిళ్ళల గురించి ఏది అడగాలన్నా ఈవిణ్ణే అడగాలి. మీరిద్దరూ టీ తాగండి, ఎల్సీ గారూ. మేజర్ గారు కారు దిగుతున్నట్టున్నారు." వెళుతూ మేవిస్ చెవి దగ్గర వంగాడు. "సంచిలో ఉందిగా? మంచిపిల్లవి."

వంటగది కిటికీ పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చున్నారు. ఎల్సీ బిస్కెట్టు విరిచి టీలో ముంచింది, తినడం మర్చిపోయింది. సగం కప్పులో పడిపోయింది.

"చూశావా అమ్మాయ్, ఎలా అరిగిపోయిందో?" అంది. "మా అమ్మ చెప్పేది. సెలవుకొస్తే కూడా పొయ్యి ముందు కూర్చుని బిళ్ళ తోముకుంటూ ఉండేవాడట. 'నన్ను కాస్త చూడవయ్యా, దాన్నేం చూస్తావు' అని పోట్లాడేదట. గులాబీకి రేకులే లేవు చూడు. ఇంకెవరు తోముతారు అంతలా? పేపర్లో చూడగానే మా అమ్మ మాటే గుర్తొచ్చింది. మా నాన్నే, సందేహం లేదు." చెంగు లాగినట్టు కోటు అంచు లాక్కుని కళ్ళు ఒత్తుకుంది. "నీకు తెలుసుగా ఇవన్నీ. నువ్వు చెప్పు. ఆయనేగా?"

ఆ గులాబీని తోమింది ఎవరో మేవిస్‌కి తెలియదు. ఈవిడ తండ్రి మాత్రం కాదు. ఆయన పుట్టి పెరిగేనాటికే అది అలా అరిగి ఉంది. ఆయనే అనేస్తే సరిపోయేది. నోటి దాకా వచ్చింది. సంచిలో డబ్బా మోకాలికి తగులుతోంది.

"కాదమ్మా," అంది.

తర్వాత ఆగలేకపోయింది. తలొంచుకుని, గొంతు లేపకుండా, అంతా చెప్పేసింది. గులాబీ తన అరలో ఉన్నదని, దాని ఎడమ చెవి తనే అతికిందని, క్లెమెంట్ దాన్ని ఎముకల దగ్గర దొరికిందని ఎందుకు చూపించాడో, అసలు బిళ్ళ ఏదో. డబ్బా తీసి కొంగని చూపించింది, వెనక నంబరు చూపించింది, అగ్గిపెట్టె తెరిచి గుడ్డపీలిక చూపించింది. ఎల్సీ కదల్లేదు. కళ్ళద్దాలు కూడా సవరించుకోలేదు.

"ఏ చెవన్నావు?" అంది.

"ఎడమది."

"పెట్టేయ్ లోపల."

"అమ్మా—"

"సంచిలో పెట్టేయమన్నానా! డెబ్బై ఏళ్ళు. మా అమ్మ గుమ్మం వైపు చూస్తూ చూస్తూ పోయింది. నేను పువ్వులు తీసుకెళ్ళడానికి ఎక్కడా చోటు లేదు. ఇప్పటికి ఇచ్చారు ఒక చోటు. నీకేం పోయింది? రాయి వేస్తారు, నేను ఏడాదికోసారి వెళ్ళి కూర్చుంటాను. ఎవరికి నష్టం?"

"ఈ నంబరు కుర్రాడికి."

"వాడెవడో నాకు తెలీదు," అంది ఎల్సీ. పెదవులు తెల్లబడిపోయాయి. "నాకు తెలీదు, తెలుసుకోను. పెట్టేయ్."

మేవిస్ డబ్బా మూత వేసింది. అప్పటికే క్లెమెంట్ మేజర్‌ని వెంటబెట్టుకుని అటే వస్తున్నాడు. వెనకాల సంఘం వాళ్ళు ఓ పదిమంది. మేజర్ పొడుగాటి మనిషి, మెత్తటి మాట. ఎల్సీ చెయ్యి పట్టుకుని ఏదో ఓదార్పు చెప్పాడు. క్లెమెంట్ ఎవరూ చూడకుండా బల్ల కింద నుంచి మేవిస్ వైపు అరచెయ్యి చాచాడు. ఇవ్వు అన్నట్టు వేళ్ళు ఆడించాడు.

ఆ వేళ్ళు చూసేసరికి ఆమెకి తిక్క పుట్టింది. డబ్బా తీసి మేజర్ ముందు, టీ కప్పుల మధ్య, ఠపీమని పెట్టింది.

"ఆ సిపాయి దగ్గర దొరికిన బిళ్ళ ఇది," అంది. "గులాబీ కాదు. వాడు స్కెల్‌బ్రో వాడు. వెనక నంబరు ఉంది."

మేజర్ కొంగని చూసి క్లెమెంట్‌ని చూశాడు. క్లెమెంట్ తల అడ్డంగా ఊపుతూ, జాలిగా నవ్వాడు.

"అయ్యో మేవిస్! ఇది నీ అరలోదేగా, తల్లీ." మేజర్ వైపు తిరిగాడు. "మన్నించండి. ఈవిడ పాపం ఒక్కతే ఉంటుంది. ఈమధ్య కాస్త మతిమరుపు. నిన్న మా ఇంటికొచ్చి ఏవేవో మాట్లాడింది, మా ఆవిడ కూడా విన్నది. అజ్ఞాత సిపాయి అనేసరికి మనసు మీద పడింది. మనసు సున్నితం."

"అబద్ధం," అంది మేవిస్.

"సరే, నేనే అబద్ధం. రుజువేదైనా ఉందా?"

సంఘం వాళ్ళ మొహాలు చూసింది. ఆమె కోసం బిళ్ళ దాచినాయన పైకప్పు వైపు చూస్తున్నాడు. రుజువు ఉంది. నాలుక చివరే ఉంది. గులాబీ వెనక్కి తిప్పి చూడమంటే చాలు. కాని ఎదురుగా ఎల్సీ కూర్చుని ఉంది, రెండు చేతులతో చల్లారిన కప్పు పట్టుకుని, తన నోటి వైపే చూస్తూ. ఒంటరిగా చెప్పడం వేరు. ఇంతమందిలో, ఆ ముసలావిడ చేతిలోంచి తండ్రిని లాక్కోవడం వేరు. మేవిస్ తల దించుకుంది.

"చూశారుగా," అన్నాడు క్లెమెంట్ మెల్లగా. మూత వేసి డబ్బా తన కోటు జేబులోకి జార్చబోయాడు.

"అది అక్కడ పెట్టు, బాబూ."

ఎల్సీ గొంతు చాలా చిన్నది. అయినా క్లెమెంట్ చెయ్యి ఆగింది.

"మా నాన్న దగ్గర దొరికిందన్నావే, ఆ గులాబీ," అంది. "నీ చేత్తో నువ్వే తీశావా?"

"నా చేత్తోనే, అమ్మా. మట్టిలోంచి."

"వెనక చూశావా?"

"వెనక ఏముంటుందమ్మా? మట్టీ, చిలుమూ. డెబ్బై ఏళ్ళు నేలలో ఉన్నదాయె."

"కొత్త అతుకేమీ లేదుగా?"

క్లెమెంట్ గిరుక్కున మేవిస్ వైపు చూశాడు. మొహంలో రంగు గడ్డం దాకా దిగిపోయింది. పక్కన నిలబడ్డ సంఘం వాళ్ళు ఒకరొకరే తలలు తిప్పి గోడ మీది ఫొటో వైపు చూశారు, వెనక వైపు అందులో కనిపిస్తుందా అన్నట్టు.

ఎల్సీ మేజర్ వైపు తిరిగింది.

"బిళ్ళ మీ వాళ్ళ దగ్గరే ఉందిగా, అయ్యా, ఫ్రాన్సులో? ఫోను చేసి వెనక్కి తిప్పి చూడమనండి. ఎడమ చెవి. అక్కడ కొత్త మాటు ఉంటే ఈ అమ్మాయి చెప్పింది నిజం. మా నాన్న కాదు." దగ్గి, సర్దుకుంది. "ఆ గులాబీ చెక్కొద్దని చెప్పండి."

మేజర్ డబ్బాని క్లెమెంట్ చేతిలోంచి తీసుకున్నాడు. క్లెమెంట్ ఇచ్చేశాడు. దూరంగా ఏదో బల్ల దగ్గర ఇదేమీ తెలియని ఒకాయన బేరమాడుతున్నాడు.

ఎల్సీ లేచింది. కుర్చీ వీపు మీది కోటు తీసుకుని ఒక చెయ్యి దూర్చింది, రెండోది దొరకలేదు. చెయ్యి వెనక్కి పెట్టి వెతుకుతోంది. మేవిస్ గబగబా వెళ్ళి కోటు పట్టుకోబోయింది.

"వద్దు," అంది ఎల్సీ. "నువ్వు ముట్టుకోకు."

మేవిస్ చేతులు వెనక్కి తీసుకుంది. ఎల్సీ తంటాలుపడి, భుజం వంచి, చివరికి రెండో చెయ్యి కూడా దూర్చుకుంది. బొత్తాలు కింది నుంచి పైకి ఒక్కోటే పెట్టుకుంది.

"ఆ కుర్రాడికి ఎవరైనా మిగిలుంటే చెప్పండి, పాపం," అంది మేజర్‌తో. "రాయి పాతే రోజుకి నన్ను మాత్రం పిలవకండి."

గోడ మీది ఫొటో వైపు చూడకుండా, బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.